శీలావతి, కోనాం రెంటికీ ఒకే లెక్కన పులుసు పెడితే ఎందుకు చెడుతున్నాయి?

ప్రశ్న (పర్లాకిమిడి)
ఇక్కడ బజారులో చెరువు శీలావతి, బొచ్చె ఎప్పుడూ ఉంటాయి. ఐసు పెట్టెల్లో కోనాం, కానాగంతలు కూడా వస్తాయి. దేనికైనా ఒకటే లెక్క: కిలో ముక్కలకి 40 గ్రాముల చింతపండు, పావుగంట ఉడుకు. శీలావతికి బురద వాసన పోదు, కోనాం పీచులా ఎండిపోతుంది. అందరూ సముద్రపు చేపకే ఓటేస్తారు. తేడా చేపలోనా, వండడంలోనా?

జవాబు 1
శీలావతి సంగతి చెప్తాను. ఆ వాసన బురదది కాదండి. చెరువులో పెరిగే నీలాకుపచ్చ నాచు, కొన్ని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థం వదుల్తాయి. అది మొప్పల గుండా ఎక్కి కొవ్వులో దాక్కుంటుంది. అందుకే తోలు, పొట్ట భాగం, పక్కనున్న నల్లకండ ఎక్కువ కంపు కొడతాయి. పొట్టలోని నల్లపొర గీకేసి, వెన్నుముల్లు వెంటున్న రక్తం తీసెయ్యండి. జియోస్మిన్‌ని విరిచేది పులుపే. ఉప్పు, పసుపు, చిక్కటి చింతపండు రసం పట్టించి 15 నిమిషాలయ్యాక కడగండి. పులుసులోకి 50 గ్రాములు వేసినా ఫర్వాలేదు. అప్పటికీ పోకపోతే ఆ చెరువు చేప మానెయ్యడమే. మసాలా పెంచితే బురదకి మసాలా తోడవుతుంది, అంతే.

జవాబు 2
కోనాం తియ్యగా, కమ్మగా ఉండేది కండలోని గ్లైసిన్, గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లాల వల్ల. ఉప్పునీటిని తట్టుకోడానికి సముద్రపు జీవులు ఇలాంటివి ఒంట్లో నిలవ చేసుకుంటాయి, రొయ్యల్లో మరీ ఎక్కువ. అలా నిలవ ఉన్న ఇంకో పదార్థమే చచ్చాక బ్యాక్టీరియా వల్ల నీచుగా మారుతుంది. కనుక ఇక్కడ చూడాల్సింది ఐసు.
మీ తప్పు పావుగంట. పులుసు ముందే 12 నిమిషాలు మరగనిచ్చి, రెండు సెంటీమీటర్ల మందం ముక్కలు వేసి 7, 8 నిమిషాల్లో దించండి. చింతపండు 30 గ్రాములు చాలు. గరిటె పెట్టకుండా గిన్నె కుదపండి. సముద్రపు చేప కదా అని ఉప్పు తగ్గించొద్దు, దాని కండ ఉప్పగా ఉండదు.
కానాగంతలతో జాగ్రత్త. ఐసు లేక వెచ్చబడితే హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది, ఎంత ఉడికినా పోదు. నాలుక చురుక్కుమందంటే గిన్నెడూ పారబొయ్యండి.

జవాబు 3 (బరంపురం)
చెరువుకీ సముద్రానికీ మధ్య మన చిలికా సరస్సు ఉందిగా! వానల్లో నీళ్ళు చప్పబడతాయి, వేసవిలో ఉప్పెక్కుతాయి. రొయ్యల తీపీ దాంతోపాటే మారుతుంది. పండుగొప్పకి ముళ్ళ బాధ కూడా తక్కువ.
శీలావతికి పులుసే ఎందుకు? ఒడియావాళ్ళ బెసర చెయ్యండి. అరకిలోకి రెండు చెంచాల ఆవాలు, అర చెంచా జీలకర్ర 20 నిమిషాలు నానబెట్టి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉప్పుతో నూరాలి. వేయించిన ముక్కలు అందులో ఐదు నిమిషాలు ఉడికితే చాలు. ముద్దని నూనెలో మాడిస్తే చేదే. చివర్లో అంబుల (ఎండబెట్టిన మామిడి) రెండు ముక్కలు.

ప్రశ్నించినవారు
అంబుల లేకపోతే?

జవాబు 3
మన మామిడి ఒరుగులే. వాటిలో ఉప్పుంటుంది, చూసుకుని వేసుకోండి.