తక్కువ ఖర్చులో పుల్లీలు, బెల్టు: పాత వి-బెల్టే ఉంచాలా, రిబ్బుల బెల్టుకి మారాలా?

పాతఇంజిన్:
నాది నాలుగు సిలిండర్ల పాత ఇంజిన్ ఉన్న ప్రాజెక్టు కారు. ఒకే 10 మి.మీ. వి-బెల్టు (అడ్డకోత V ఆకారంలో ఉండే మందపాటి బెల్టు) మీద వాటర్ పంపు, ఆల్టర్నేటర్ తిరుగుతున్నాయి. కార్బురేటర్ తీసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టాను, రేడియేటర్‌కి ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించాను. పాత ఆల్టర్నేటర్ చాలక 100 ఆంప్స్‌ది వేస్తే, ఫ్యాన్ ఆన్ అవగానే బెల్టు జారి కీచుమంటోంది. ఎక్కువ ఖర్చు పెట్టలేను. ఉన్న వి-బెల్టుతోనే సర్దుకోవాలా, స్క్రాప్‌లో రిబ్బుల బెల్టు (పొడవునా సన్నని గాళ్ళుండే పల్చటి బెల్టు) సెట్టు వెతకాలా, కొత్త అల్యూమినియం పుల్లీల కిట్టు కొనాలా? మీరైతే ఏం చేస్తారు?

బోల్టునట్టు:
వి-బెల్టు వదలకండి. కీచుమంటే అందరూ బెల్టునే తిడతారు, తప్పు చాలాసార్లు పుల్లీది. వి-బెల్టు గాడి పక్కగోడలను పట్టుకుని నడవాలి, అడుగుకి తగలకూడదు. బెల్టు తీసి టార్చి వేసి చూడండి. గాడి అడుగు నున్నగా మెరుస్తుంటే ఆ పుల్లీ అరిగిపోయినట్టే, ఎంత టైటు చేసినా జారుతుంది. దాన్ని మార్చి కొత్త బెల్టు వేయండి. పుల్లీకి పుల్లీకి మధ్య బెల్టు 300 మి.మీ. ఉందనుకుంటే, మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు సుమారు 5 మి.మీ. దిగాలి. కొత్త బెల్టు కాసేపు తిరిగాక సాగుతుంది కాబట్టి మళ్ళీ ఒకసారి బిగించాలి. ఈ రెండో బిగింపు చాలామంది మర్చిపోతారు.

తేలికబండి:
నా ఓటు అల్యూమినియం కిట్టుకే. క్రాంక్ పుల్లీ (ఇంజిన్ షాఫ్టు చివర ఉండి బెల్టును తిప్పేది) చిన్నది, తేలికైనది వస్తుంది. ఇంజిన్ చురుగ్గా లేస్తుంది, ఆల్టర్నేటర్, పంపు నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి అవి తినే పవర్ కూడా మిగులుతుంది. చూడ్డానికీ బావుంటుంది.

లేతుపని:
బోల్టునట్టు గారూ, మీరు చెప్పిన పరీక్ష ముందు చేయాల్సిందే. కానీ ఈ బండిలో లోడు లెక్క చూడండి. 14 వోల్టుల దగ్గర 100 ఆంప్స్ అంటే 1,400 వాట్లు. ఆల్టర్నేటర్ తనకిచ్చిన పవర్‌లో 55, 60 శాతమే కరెంటుగా మారుస్తుంది. అంటే బెల్టు మోయాల్సింది సుమారు 2.5 కిలోవాట్లు, మూడు హార్స్‌పవర్‌కి పైమాటే. అదంతా ఒక్క 10 మి.మీ. బెల్టు, అదీ చిన్న ఆల్టర్నేటర్ పుల్లీ మీద, చుట్టు (పుల్లీని బెల్టు చుట్టుకునే మేర) తక్కువగా ఉన్నచోట లాగాలి. మందపాటి వి-బెల్టు చిన్న పుల్లీ మీద వంగడానికే వేడెక్కుతుంది. టైటు పెంచితే కీచు ఆగుతుంది, కానీ ఆ భారం వాటర్ పంపు బేరింగు మీద పడుతుంది. పాత 40, 50 ఆంప్స్ ఆల్టర్నేటర్‌కైతే నేనూ వి-బెల్టే ఉంచమనేవాణ్ణి.

రిబ్బుల బెల్టు పల్చగా ఉంటుంది, చిన్న పుల్లీ మీద తేలిగ్గా వంగుతుంది. పక్కన ఒక ఐడ్లర్ (ఊరికే తిరిగే పుల్లీ) పెడితే చుట్టు పెరుగుతుంది, స్ప్రింగు టెన్షనర్ ఉంటే మళ్ళీ మళ్ళీ బిగించే పని ఉండదు. ఇదేమీ కొత్త ప్రయోగం కాదు, 1979 ఫోర్డ్ మస్టాంగ్‌లోనే అన్నింటికీ కలిపి ఒకే రిబ్బుల బెల్టు వచ్చింది. బెల్టు దొరకడమూ సులువే. 6పీకే1200 అంటే ఆరు రిబ్బులు, 1,200 మి.మీ. పొడవు. వెనక అంకె మారితే పొడవు మారుతుంది, అంతే.

ఇక తేలికబండి గారూ, మీ మాటతో మాత్రం ఏకీభవించలేను. చాలా ఇంజిన్లలో క్రాంక్ పుల్లీ ఒట్టి పుల్లీ కాదు, డ్యాంపర్. లోపలి హబ్‌కీ బయటి రింగుకీ మధ్య రబ్బరు ఉంటుంది. ప్రతి సిలిండర్ పేలుడుకీ క్రాంక్ కొద్దిగా మెలితిరిగి వెనక్కొస్తుంది, ఆ ఊపును ఆ రింగు తగ్గిస్తుంది. దాని స్థానంలో గట్టి అల్యూమినియం ముక్క పెడితే ఆ ఊపు క్రాంక్ మీదా, బేరింగుల మీదా, కొన్ని ఇంజిన్లలో ఆయిల్ పంపు గేర్ల మీదా పడుతుంది. అసలు డ్యాంపరే లేకుండా వచ్చిన ఇంజిన్లూ ఉన్నాయి, వాటికి మీ కిట్టు పెట్టుకోవచ్చు. ముందు రబ్బరు ఉందో లేదో చూడకుండా మాత్రం కొనకూడదు.

రెండోది నిష్పత్తి. క్రాంక్ పుల్లీ 150, ఆల్టర్నేటర్ పుల్లీ 60 మి.మీ. అనుకుందాం. 800 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ 2,000 తిరుగుతుంది. క్రాంక్ పుల్లీ 110కి తగ్గిస్తే 1,470 దగ్గరే ఆగుతుంది. ఈయనకి కరెంటు చాలడం లేదనే కదా మొత్తం గొడవ! ట్రాఫిక్‌లో ఫ్యాన్ తిరుగుతుంటే అప్పుడే ఛార్జింగ్ పడిపోతుంది, వాటర్ పంపు కూడా నెమ్మదిస్తుంది.

తేలికబండి:
రేసు ట్రాక్ మీద ఇంజిన్ ఎప్పుడూ పై ఆర్‌పీఎంలోనే ఉంటుంది, అక్కడ మా లెక్క సరిపోతుంది. పెద్ద క్రాంక్ పుల్లీ పెట్టి 6,500 దాకా లాగితే ఆల్టర్నేటర్ 16,000 దాటుతుంది, దాని బేరింగుకి అదీ మంచిది కాదు. రోడ్డు బండికి మీ మాటే సరి అనుకుంటాను.

బోల్టునట్టు:
స్క్రాప్ సెట్టు అంటే అంత తేలిక కాదు తమ్ముడూ. చాలా రిబ్బుల బెల్టు సెట్లలో వాటర్ పంపు బెల్టు వీపు మీద తిరుగుతుంది, అంటే వి-బెల్టు పంపుకి వ్యతిరేక దిశలో. బెల్టు మార్చి పాత పంపే ఉంచితే, లోపలి రెక్కలు తప్పు దిశలో తిరిగి నీళ్ళు సరిగా నెట్టవు. ఇంజిన్ వేడెక్కాక థర్మోస్టాట్ మార్చి, రేడియేటర్ మార్చి తల బాదుకున్నవాళ్ళను చూశాను. బ్రాకెట్ల సంగతి సరేసరి. జనరల్ మోటార్స్ వాళ్ళ ఎల్ఎస్ ఇంజిన్లే చూడండి, కార్వెట్ కారు, కమారో కారు, ట్రక్కు రకాల్లో బెల్టు నడిచే లైను బ్లాకు నుంచి మూడు వేర్వేరు దూరాల్లో ఉంటుంది. ట్రక్కుది కార్వెట్ కన్నా అంగుళంన్నర ముందుకొస్తుంది. ఒక దాని బ్రాకెట్టు, ఇంకో దాని పుల్లీ కలిపితే బెల్టు వంకరగానే నడుస్తుంది.

లేతుపని:
ఈ రెండు మాటలూ నూటికి నూరు పాళ్ళు నిజం. అందుకే విడివిడిగా కొనొద్దు, ఒకే ఇంజిన్ నుంచి మొత్తం తీసుకోమంటాను. క్రాంక్ పుల్లీ, వాటర్ పంపు, ఆల్టర్నేటర్, బ్రాకెట్లు, టెన్షనర్, చివరికి ఆ బోల్టులు, స్పేసర్ వాషర్లతో సహా. చాలా ఇంజిన్ కుటుంబాలు ఏళ్ళ తరబడి నడిచాయి, వాటి తరువాతి మోడళ్ళలో రిబ్బుల బెల్టే వచ్చింది. ముందు మీ ఇంజిన్‌కి అలాంటి తమ్ముడు ఉన్నాడేమో చూడండి. డ్యాంపర్ తెచ్చేటప్పుడు ఒక జాగ్రత్త: కొన్ని ఇంజిన్లలో బ్యాలెన్స్ బరువు డ్యాంపర్‌లోనే ఉంటుంది. షెవర్లే 350 ఇంజిన్ చాలా ఏళ్ళు లోపలే బ్యాలెన్స్ చేసుకుంది, 400 ఇంజిన్‌కి బయట బరువు కావాలి. చూపుకి ఒకేలా ఉన్నాయని మార్చి పెడితే ఇంజిన్ వణుకుతుంది.

పాతఇంజిన్:
ఇవాళ రేడియేటర్ తీసి చూశాను. ఆల్టర్నేటర్ పుల్లీ గాడి అడుగు నిజంగానే మెరుస్తోంది. క్రాంక్ పుల్లీలో రబ్బరు ఉంది, అక్కడక్కడా పగిలి అంచు బయటికి ఉబ్బింది. నా ఇంజెక్షన్ క్రాంక్ సెన్సర్ చదివే పళ్ళ చక్రం బయటి రింగుకే ఉంది.

లేతుపని:
అయితే బెల్టు కన్నా ముందు డ్యాంపర్ మార్చాలి. రబ్బరు వదిలి రింగు జరిగితే పళ్ళ చక్రం కూడా జరుగుతుంది, కంప్యూటర్ అదే నిజమనుకుని తప్పు సమయంలో స్పార్క్ ఇస్తుంది. టైమింగ్ లైటు పెట్టినా ఆ రింగు మీది గుర్తే చూస్తారు కాబట్టి తప్పు బయటపడదు. మొదటి పిస్టన్‌ను టీడీసీకి (అది పైకొచ్చే చివరి చోటుకి) తెచ్చి గుర్తు సరిపోతోందో లేదో చూసేదాకా ఇంజిన్‌ను గట్టిగా లాగకండి.

బోల్టునట్టు:
ఇక్కడ నేను కూడా ఒప్పుకుంటా. ఎలాగూ డ్యాంపర్ కొనాలంటే రిబ్బులున్నదే తీసుకోండి. పంపు దిశ మాత్రం రెండుసార్లు చూసుకోండి. పాత ఆల్టర్నేటర్‌తోనే బండి నడిపేవాళ్ళకు నా సలహా మారదు.

పాతఇంజిన్:
మరి లైను సరిపోయిందని ఎలా తెలుసుకోవాలి?

లేతుపని:
క్రాంక్ పుల్లీ ముఖానికి నిటారైన స్టీలు పట్టీ ఆనించి మిగతా పుల్లీల దాకా చూడండి. పుల్లీల అంచు మందాలు వేరుగా ఉంటాయి, కాబట్టి అంచు నుంచి మొదటి గాడికి ఎంతుందో కొలిచి ఆ తేడా తీసేయాలి. 300 మి.మీ. దూరానికి 1.5 మి.మీ. లోపు తేడా ఉంటే భయం లేదు. ఎక్కువుంటే బ్రాకెట్ వెనక షిమ్ (పల్చటి రేకు ముక్క) వేయండి, పుల్లీని లేతు మీద చెక్కించకండి. తరువాత ఇంజిన్ నడుస్తుండగా, చేతులు దూరంగా ఉంచి, బెల్టు రిబ్బుల మీద కాస్త నీళ్ళు స్ప్రే చేయండి. చప్పుడు కాసేపు ఆగి మళ్ళీ వస్తే లైను తప్పు. నీళ్ళు పడగానే ఇంకా పెరిగితే టెన్షన్ చాలడం లేదు. చప్పుడు ఆపడానికి బెల్టు మీద జిగురు స్ప్రేలు కొట్టొద్దు, దుమ్ము పట్టి గాడులు తింటుంది.

పాతఇంజిన్:
నా ఇంజిన్ తరువాతి మోడల్‌కి ఆరు రిబ్బుల బెల్టే వచ్చిందని మాన్యువల్‌లో దొరికింది. దాని డ్యాంపర్ కొత్తదే కొంటాను, పాత రబ్బరును నమ్మను. బ్రాకెట్లు, టెన్షనర్, పంపు హౌసింగు స్క్రాప్ ఇంజిన్ నుంచి. ఆ పంపు ఏ దిశలో తిరుగుతుందో రెక్కల వంపు చూసి చెప్పగలిగినవాళ్ళు ఉంటే, విప్పగానే ఫోటో పెడతాను.