కాకతీయుల చెరువులు, దండక్ గుహ చెప్పే వానల చరిత్ర: రెంటినీ ఎలా కలిపి చదవాలి?

ప్రశ్న (చరిత్ర విద్యార్థిని)

ఛత్తీస్‌గఢ్‌లోని దండక్ గుహలో నేల మీద నుంచి పెరిగిన సున్నపు స్తంభాన్ని పరీక్షించి, సుమారు క్రీ.శ. 600 నుంచి 1500 వరకు రుతుపవనాల హెచ్చుతగ్గులను శాస్త్రజ్ఞులు రాబట్టారు. పద్నాలుగో శతాబ్దంలోనూ, పదిహేనో శతాబ్దపు తొలి సగంలోనూ వానలు ఏళ్ల తరబడి బలహీనపడ్డాయని అందులో తేలింది. ఆ గుహ ఓరుగల్లుకు మరీ దూరం కాదు కనుక, కాకతీయులు అన్ని చెరువులు కట్టించడానికి ఈ కరువులే కారణమని నా వ్యాసంలో రాయవచ్చునా? భూవిజ్ఞానం, శాసనాలు, సాగునీరు తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (భూవిజ్ఞాన పరిశోధకుడు)

రుతుపవనం బలంగా ఉన్నప్పుడు వాన నీటిలో బరువైన ఆక్సిజన్ పాలు తగ్గుతుంది. ఆ నీరే గుహ పైకప్పు నుంచి చుక్కచుక్కగా రాలి, పొర మీద పొరగా గడ్డకట్టే సున్నంలో ఆ గుర్తును మిగులుస్తుంది. పొరల వయస్సును యురేనియం-థోరియం పద్ధతిలో లెక్కిస్తారు. అందులో కొన్నేళ్ల తేడాకు ఎప్పుడూ చోటుంటుంది కాబట్టి, ఒక శాసనంలోని సంవత్సరాన్ని తెచ్చి ఒక పొరకు అతికించడం సరికాదు. పైగా అది మధ్య భారతమంతటా రుతుపవనం నడిచిన తీరును సూచిస్తుందే గాని, ఫలానా ఊరి చెరువులోకి వచ్చిన నీటిని కాదు.

జవాబు (శాసనాలు చదివేవారు)

అలా రాయవద్దని నా సలహా, ఎందుకంటే కాలక్రమమే అందుకు ఒప్పుకోదు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడిని కట్టించింది 1213లో. పక్కనున్న చెరువూ ఆ కాలానిదే. ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది 1323లో. మీరు చెబుతున్న దీర్ఘకాలపు అనావృష్టి చాలావరకు ఆ తరువాతిది. దక్కనులో 1396లో మొదలై పన్నెండేళ్లు సాగిందని చెప్పుకునే దుర్గాదేవి కరువు కూడా అంతే. రాబోయే కరువుకు జడిసి ముందే చెరువులు తవ్వారనడం కుదరదు కదా.

కృష్ణా గోదావరి డెల్టాల్లోలా నీరు పారని ఎర్రనేలల మెట్ట ప్రాంతంలో కొత్త ఊళ్లు నిలబెట్టాలంటే చెరువు కావాలి, ఊరు నిలిస్తే పన్ను వస్తుంది, తటాక ప్రతిష్ఠ వల్ల సప్తసంతానాలలో (సంతానంతో సమానమైన పుణ్యమిస్తాయని నమ్మే ఏడింటిలో) ఒకటి దక్కుతుంది. చెరువు తవ్వినవారికి, బాగు చేసినవారికి దశబంధ మాన్యం (అందుకు ప్రతిఫలంగా ఇచ్చే భూమి) ఇచ్చే ఏర్పాటూ ఉండేది. ఇవన్నీ కలిసి పనిచేశాయి. ఒక్క హెచ్చరిక: శాసనం ప్రతిష్ఠను, దానాన్ని చెబుతుంది. తెగిన కట్టను, ఖాళీ అయిన ఊరిని ఎవరూ రాతిపై చెక్కించరు. శాసనాలు తగ్గినంత మాత్రాన కరువు వచ్చిందని అనుకోకూడదు.

జవాబు (నీటిపారుదల ఇంజనీరు)

చెరువు ఏ రకమైన కరువును తట్టుకోగలదో కూడా చూడాలి. ఒకదాని కింద ఒకటిగా ఉండే గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండితే మత్తడి (అలుగు) దూకిన నీరు కింది చెరువుకు చేరుతుంది. చెరువు నీటిని చూసుకునే నీరటి తూము తెరిచి మడుల వంతు ప్రకారం నీరు వదులుతాడు. చెరువు సగమే నిండిన ఏడు ఆయకట్టులో ఎంత మేర సాగు చేయాలో రైతులు తైబందీ వేసుకుంటారు. వానల మధ్య ఎడం, ఒక్క ఏటి లోటు ఇలా గట్టెక్కుతాయి. వరుసగా రెండు మూడేళ్లు వాన మొహం చాటేస్తే, లోతు తక్కువైన ఈ చెరువులు మాత్రం అడుగంటిపోతాయి. కాబట్టి దండక్ గుహ చూపే దశాబ్దాల బలహీనతకు చెరువు ఒక్కటే జవాబు కాజాలదు. పంట మార్చడం, పశువులతో వలసపోవడం వంటివి కూడా మీ వ్యాసంలో రావాలి.

గుహ, శాసనాలు అనే ఈ రెండు ఆధారాలనూ కలపగలిగేది చెరువు అడుగు మట్టే. అందులోని పుప్పొడి, బొగ్గు రేణువులు ఆ చుట్టుపక్కల ఏ పంటలు, ఏ అడవి ఉండేవో చెప్పగలవు. కానీ శిఖం భూమిలో (నీరు తగ్గినప్పుడు బయటపడే చెరువు లోపలి నేలలో) దున్నకం వల్ల పై పొరలు కలిసిపోతాయి. తెలంగాణ ప్రభుత్వపు చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలడం రైతులకు మేలు చేసిన పనే, కానీ పూడికతో పాటే ఈ పొరలూ పోతాయి. ఇకమీదట పాత చెరువుల్లో పూడిక తీసేముందు, తూము దగ్గరి లోతైన చోట ఒక్క గొట్టమైనా దింపి మట్టి నమూనా తీసి ఉంచాలని నేను గట్టిగా కోరుతున్నాను.