రాత్రి ఛార్జింగ్ మాత్రమే కుదిరితే ఈవీ మేలా, స్ట్రాంగ్ హైబ్రిడ్ మేలా? లెక్క సరిచూడగలరా

అందరికీ నమస్కారం. హైదరాబాద్ అపార్ట్‌మెంట్, రోజుకు 40 కిలోమీటర్లు, అంతా సిటీ ట్రాఫిక్. ధర పక్కన పెట్టి కార్బన్ ఒక్కటే చూస్తున్నాను.

స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు, నడుస్తూనే ఛార్జ్ అయ్యే బ్యాటరీ, మోటార్ ఉన్న కారు) లీటరుకు 22 కి.మీ. ఇస్తే 100 కి.మీ.కు 4.55 లీటర్లు. లీటరు పెట్రోల్ కాలితే 2.31 కిలోల సీఓ2, అంటే 10.5 కిలోలు. రిఫైనరీ, రవాణాలకు 20 శాతం కలిపితే 12.6.

ఈవీ దగ్గరే చిక్కంతా. కారు స్క్రీన్ 100 కి.మీ.కు 14 యూనిట్లు చూపిస్తే గోడ మీటరులో 16 తిరుగుతాయి. ఆన్‌బోర్డ్ ఛార్జర్ ఏసీని డీసీగా మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది. స్క్రీన్ అంకెతో లెక్కేస్తే ఈవీ ఉన్నదానికంటే శుభ్రంగా కనిపిస్తుంది. పైగా కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) చెప్పే గ్రిడ్ సగటు (2023-24లో యూనిట్‌కు 0.727 కిలోల సీఓ2) పవర్ ప్లాంట్ దగ్గరిది. లైన్లలో 15 శాతం పోతుందనుకుంటే 13.7 కిలోలు వస్తోంది. బ్యాటరీ తయారీ ఇంకా కలపలేదు.

తెలిసినవాళ్లు ఇవి చెప్పండి:

రాత్రి సోలార్ ఉండదు కదా, ఏడాది సగటు వాడటం తప్పేనా? మేడ మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెడితే రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి. నెట్ మీటరింగ్‌లో పగలు గ్రిడ్‌కిచ్చిన ఆ యూనిట్లను రాత్రి ఛార్జింగ్‌కు జమ కట్టుకోవడం న్యాయమేనా? ఈ20లో (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) ఇథనాల్ వాటాను సున్నా అనుకోవచ్చా, లేక చెరకు, మొక్కజొన్నల ఎరువు, డీజిల్ కలపాలా? అన్నిటికన్నా ముఖ్యం, కారు పదేళ్లు తిరిగేలోపు గ్రిడ్ మెరుగవుతుంది. ఏటా ఎంత శాతం తగ్గించి లెక్కిస్తున్నారు?