విద్యుచ్చాలకమా, విద్యుచ్ఛాలకమా?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తెలుగు మీడియంలో పదో తరగతి చదువుతోంది. నిన్న రాత్రి తెలుగు నోట్సు, ఫిజిక్సు నోట్సు పక్కపక్కన పెట్టుకుని నన్ను ఇరుకున పెట్టేసింది. తెలుగులో శ్చుత్వ సంధి కింద శరత్ + చంద్రికలు = శరచ్చంద్రికలు అని ఉంది. ఫిజిక్సులో మాత్రం "విద్యుచ్ఛాలక బలం" అని ఒత్తు ఛతో రాసుకుంది. "రెండు చోట్లా త్ తరవాత చ వచ్చింది కదమ్మా, ఇక్కడ ఒత్తెందుకు?" అంటుంది. నేనూ ఒత్తుతోనే చదువుకున్న గుర్తు. ఏది సరి?

*

మీ అమ్మాయి మాటే రైటండీ. విద్యుత్ + చాలక = విద్యుచ్చాలక. ఒత్తు రావాలంటే త్ పక్కన శ ఉండాలి: విద్యుత్ + శక్తి = విద్యుచ్ఛక్తి. సత్ + చరిత్ర సచ్చరిత్ర, సత్ + శీలుడు సచ్ఛీలుడు. విద్యుచ్ఛక్తి రాసీ రాసీ చేయి అలవాటు పడి, ఆ ఒత్తు పక్క మాటకు పాకిందని నా అనుమానం. ఉచ్చారణను ఉచ్ఛారణ అని రాసేవాళ్లదీ ఇదే జబ్బు. ఉచ్ఛ్వాసంలో ఒత్తు న్యాయంగా వచ్చింది, అది ఉత్ + శ్వాసం. ఉచ్చారణలో శ ఎక్కడుంది? పైగా "చాలక" అంటే నడిపించేది, వాహన చాలకుడిలోని చాలకే. "ఛాలక"కు అర్థమే లేదు.

*

ఇంత గొడవ దేనికి, ఇంగ్లిషులో ఎలక్ట్రోమోటివ్ ఫోర్స్ కదా, పొట్టిగా ఈఎంఎఫ్ అని రాస్తే పోలా?

*

పోతుంది, కానీ పరీక్షలో పేరు విడమరచి రాయమంటే మళ్లీ ఇక్కడికే రావాలి.

నేను ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. బోర్డు మీద ఒత్తుతోనే రాశాను, ఒప్పుకుంటున్నా. అయితే ఆ ఒత్తు కంటే పిల్లల్ని ఎక్కువ తిప్పలు పెట్టింది చివరనున్న "బలం". బలం అనగానే దాని ప్రమాణం న్యూటన్లు అంటారు. ఇది బలం కాదు. సెల్లు లోపల ఒక కూలుంబు ఆవేశాన్ని, అంటే విద్యుత్ చార్జిని, ఒక కొస నుంచి రెండో కొసకు చేర్చడానికి జరిగే పని. పనిని ఆవేశంతో భాగిస్తే వచ్చేది, అందుకే ప్రమాణం వోల్టు. టార్చి సెల్లు మీద 1.5 వోల్టులని ఉంటే కూలుంబుకు 1.5 జౌళ్ల పని అని అర్థం. పని అంటే బలం ఇంటూ దూరం కాబట్టి, లెక్క కట్టేటప్పుడు బలం లోపలికి వస్తుంది. పిల్లలు అక్కడే ఆగిపోతారు.

తప్పు తెలుగుది కాదు. ఇంగ్లిషులో ఫోర్స్ అన్నారు, మనం బలం అన్నాం. ఓం అనే శాస్త్రవేత్త విద్యుత్ ప్రవాహం మీద తన నియమాన్ని 1827లో అచ్చు వేసే నాటికి బలానికీ శక్తికీ మధ్య గీత ఇంకా గట్టిపడలేదు. ఆ పాత పేరే నిలిచిపోయింది.

ఇంకో చిక్కు, ఇదీ, సెల్లు కొసల మధ్య వోల్టుమీటరు చూపించే పొటెన్షియల్ భేదమూ ఒకటేనా అని. రెండింటికీ ప్రమాణం వోల్టే, కానీ సెల్లుకు అంతర్నిరోధం, అంటే ప్రవాహానికి లోపలే కొంత అడ్డు, ఉంటుంది. 1.5 వోల్టుల సెల్లు, లోపల 0.5 ఓం నిరోధం, వలయంలో 0.5 ఆంపియరు ప్రవాహం అనుకోండి. లోపలే 0.25 వోల్టు ఖర్చయి, బయటి వలయానికి దక్కేది 1.25. స్విచ్చి తీసేస్తే ప్రవాహం సున్నా, కొసల మధ్య మళ్లీ 1.5. ఇది ఒక్కసారి వోల్టుమీటరు పెట్టి చూపిస్తే చాలు, నిర్వచనం బట్టీ పట్టక్కర్లేదు.

*

మాస్టారూ, మేము నాగపూర్‌లో ఉంటాం. మా బాబు హిందీ పుస్తకం చూసి తల తిరిగిందండీ. అక్కడ కండక్టరును, అంటే కరెంటును మోసే తీగలాంటి దాన్ని, "చాలక్" అంటారు, ఈఎంఎఫ్‌నేమో "విద్యుత్ వాహక్ బల్". మనకు వాహకం కండక్టరు, చాలకం ఈఎంఎఫ్. అవే రెండు సంస్కృతం మాటలు, సరిగ్గా తారుమారు! సెలవులకు ఊరొచ్చినప్పుడు వాడూ వాళ్ల మావయ్య కూతురూ రాగితీగను గురించి వాదించుకుంటుంటే, ఇద్దరూ ఒకటే అంటున్నారని నాకు చాలాసేపటికి గానీ తెలియలేదు.

*

భలే ఉందండీ ఇది. నడిపించేది, మోసుకుపోయేది, ఎటు తిప్పినా అతుకుతాయి మరి. మనకైతే చాలకమే నయం. తీగ మోస్తుంది, సెల్లు తోలుతుంది.

*

అందరికీ ధన్యవాదాలు. మా అమ్మాయి నోట్సులో ఒత్తు కొట్టేసింది. ఇప్పుడింకోటి పట్టుకుంది. జగత్ + నాథుడు జగన్నాథుడైతే, విద్యుత్ + నిరోధం విద్యున్నిరోధం కావాలి కదా, ఎవరూ అలా రాయరేం అని.

*

సమాసం చేసి కలిపి రాస్తే విద్యున్నిరోధమేనమ్మా, తప్పేం లేదు. విద్యుదావేశం, విద్యుదయస్కాంతం కలిపే రాస్తున్నాం. విద్యుత్ నిరోధం విడదీసి రాయడం వాడుకలో కుదురుకుంది, అంతే. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి.