చెదలు తిన్న అక్షరం: ‘వీ’నా, ‘ఊ’నా?

అరసున్న: మా చరిత్ర మాస్టారు రాయించిన నోట్సు నిన్న అటక మీద దొరికింది. రోములోని కాపిటోలిన్ మ్యూజియంలో ఉన్న ‘మరణిస్తున్న గాల్’ అనే ప్రాచీన కెల్టు వీరుడి శిల్పం గురించి అందులో ఒక వాక్యం ఉంది: “ఒంటి మీద నూలుపోగు లేదు, మెడన కంటె మాత్రం –డలేదు.” ఆ ఒక్క అక్షరాన్ని చెదలు తినేశాయి. ‘వీడలేదు’ అనే ఇన్నేళ్లూ నా చెవిలో ఉంది. కాగితం చూశాక ‘ఊడలేదు’ కూడా కావచ్చునని అనుమానం పట్టుకుంది. ఆ శిల్పం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. కుడిచేతి మీద ఆనుకుని కుంగిపోతున్న మనిషి, పక్కటెముకల మీద గాయం, పైపెదవి మీద మీసం, మెడకు పురి తిరిగిన కంటె.

వలపలగిలక: నిస్సందేహంగా ‘ఊడలేదు’. మొదటి సగంలో కర్త నూలుపోగు, రెండో సగంలో కంటె. నూలుపోగు లేదు, కంటె ఊడలేదు. తూకం చక్కగా కుదిరింది. ‘వీడలేదు’ అంటే దేన్ని వీడలేదో చెప్పాలి కదా?

నీలాటిరేవు: ‘మెడన’ దగ్గరే చిక్కంతా. అది ‘మెడను’ అయి ఉంటుంది. మెడను కంటె వీడలేదు. ‘నీడ నన్ను వీడలేదు’ అనమా? అరసున్న గారూ, ‘న’ పక్కన కొమ్ము చెరిగిపోయిందేమో భూతద్దం పెట్టి చూడండి.

అరసున్న: చూశాను. అక్కడ సిరా అలుక్కుపోయింది. కొమ్ము ఉందని గానీ లేదని గానీ ప్రమాణం చేయలేను.

పాతగంటం: ముందు ఆ ‘కంటె’ సంగతి తేల్చండి. కెల్టుల మెడ ఆభరణం టార్క్. లాటిన్‌లో మెలిపెట్టడం అనే ధాతువు నుంచి వచ్చిన మాట. మా అమ్మమ్మ కంటెకు కొక్కెం మెడ వెనక ఉండేది, పతకం ముందు. టార్క్‌కు నోరు ముందుంటుంది, రెండు కొసల గుబ్బలే దాని అందం. రెండూ బిరుసైన కడ్డీలే, కానీ ఒకటే వస్తువు కావు. నా మటుకు ‘పురికంటె’ అంటాను.

నీలాటిరేవు: పురి లేనివీ ఉన్నాయి. 1896లో ఉత్తర ఐర్లండ్‌లోని బ్రాయ్‌టర్ దగ్గర పొలం దున్నుతుంటే దొరికిన బంగారు టార్క్ బోలు గొట్టం, పైన ఉబ్బెత్తు తీగల నగిషీ. దాన్ని ‘పురికంటె’ ఎలా అంటారు?

పాతగంటం: మాట పుట్టుక పురిలోనే ఉంది. వస్తువు మారినా మాట నిలిచింది. ఇంగ్లండ్‌లోని స్నెటిషామ్ టార్క్ చూడండి. 1950లో ఇది కూడా నాగలికే తగిలింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కిలోకు పైగా బరువు. ఎనిమిదేసి తీగలను ఒక పేటగా పేని, అలాంటి ఎనిమిది పేటలను మళ్లీ కలిపి మెలిపెట్టారు. మొత్తం 64 పోగులు. అన్నట్టు, మాస్టారు ‘నూలుపోగు’ అన్నది ఊరికే అన్నది కాదని నా నమ్మకం. నూలుపోగు లేని ఒంటి మీద బంగారు పోగులు!

అరసున్న: ఈ కోణం నాకు ఎప్పుడూ తట్టలేదు. ధన్యవాదాలు.

వలపలగిలక: బాగుంది కానీ అతిగా లాగుతున్నారు. ‘ఒంటి మీద నూలుపోగు లేదు’ మనం రోజూ అనే మాట. పైగా అది అక్షరాలా నిజం. క్రీ.పూ. 225లో రోమన్లతో జరిగిన టెలమన్ యుద్ధంలో గాల్ సేన ముందు వరుసలో కొందరు వీరులు బట్టల్లేకుండా, బంగారు కంటెలతో, కడియాలతో నిలబడ్డారని గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాశాడు.

తంగేడు: సెల్టులు వీరు, కెల్టులు కారు అని నేను చదువుకున్నాను.

పాతగంటం: గ్రీకులో ‘కెల్టోయ్’, లాటిన్‌లోనూ ‘క’కారమే. ‘స’ ఫ్రెంచి దారిన వచ్చింది. రోమన్ లిపిలో ఒకే అక్షరం వెనక రెండు ధ్వనులూ దాక్కోగలవు, తెలుగులో ఆ వీలు లేదు. నేను ‘కె’ వైపు.

వలపలగిలక: నా వాదనకు సాక్ష్యం తెచ్చాను. క్రీ.పూ. 361లో టైటస్ మాన్లియస్ అనే రోమన్ యోధుడు ఒక గాల్ వీరుణ్ని ద్వంద్వయుద్ధంలో చంపి, అతని మెడలోని టార్క్ ఒలుచుకుని, ఆ నెత్తుటితోనే తన మెడలో వేసుకున్నాడని రోమన్ చరిత్రకారుడు లివీ చెబుతాడు. అప్పటి నుంచి అతని వంశానికి టార్క్వాటస్ అనే పేరు వచ్చింది. అంటే ప్రాణం పోతేనే ఊడే వస్తువు. శిల్పంలోని మనిషికి ఇంకా ప్రాణం ఉంది, కాబట్టి ఇంకా ఊడలేదు.

నీలాటిరేవు: ఊడితే అది నగ, వీడితే అది గౌరవం. రోమన్లు తమ సైనికులకు శౌర్య పతకంగా టార్క్‌లే ఇచ్చేవారు. మన గండపెండేరం కూడా అలాంటిదే కదా! ‘కవిగండపెండేరమునకు’ నువ్వే తగుదువని రాయలు తన చేత్తో పెద్దన పాదానికి తొడిగాడని చాటువు. రాయలు పోయాక, ఆయనతో దివికి వెళ్లలేక జీవచ్ఛవంలా మిగిలానని ఆ పద్యం చివర పెద్దన కుమిలిపోతాడు. ఎన్నిసార్లు చదివినా అక్కడ నా గొంతు పట్టేస్తుంది. తొడిగిన చెయ్యి లేదు, పాదాన పెండేరం ఉంది. మాస్టారి మనసులో ఆ పద్యం మెదిలి ఉంటే ‘వీడలేదు’ అనే అని ఉంటారు.

తంగేడు: ‘పెండేరం’లో ‘డే’ దీర్ఘమేనా? మా ఇంట్లో ‘పెండెరం’ అనేవారు.

వలపలగిలక: దీర్ఘమే. అది సీసపద్యం, గణం చూసుకోండి.

పాతగంటం: గణం తేల్చదు. ‘పెండేర’ అయితే త గణం, ‘పెండెర’ అయితే భ గణం. రెండూ ఇంద్రగణాలే.

వలపలగిలక: నిజమే, నేను తొందరపడ్డాను. కానీ నాకు పాఠం చెప్పిన అవధానిగారు ‘డే’ దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. ఆ పాదంలో దీర్ఘం లేకపోతే తొడిగిన బరువు తెలియదు.

అరసున్న: మా తరగతి మిత్రుడొకరు తన నోట్సు ఫొటో పంపారు. ఆ రోజు పేజీలో ఈ వాక్యం లేదు. గాల్ బొమ్మ మాత్రం పెన్సిలుతో గీసి ఉంది. మెడలో కంటె, ముందువైపు నోరు, కొసల్లో రెండు గుబ్బలు.

పాతగంటం: చూశారా, నోరు ముందే ఉంది! తంగేడు గారూ, ‘పెండెరం’ అనేవారు మీ ఇంట్లో ఎవరు? ఏ ఊరి మాట?