కుండీల్లో వంగ ఆకులు పసుపెక్కుతున్నాయి, ఆనపకి పిందె నిలవట్లేదు

మేడతోట, విజీనగరం:
జూన్‌లో మేడ మీద మొదలెట్టాను. కుండీల్లో వంగ, మిరప, పెద్ద టబ్బులో ఆనప పాదు. పూటపూటా నీళ్లు పోస్తున్నా, ఆకు వాడినట్టుంటే ఇంకో చెంబుడు. అయినా వంగకి కింది ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. వీడియో చూసి కుండీకి గుప్పెడు డీఏపీ ఎరువు కూడా వేశా. ఆనపకి పువ్వులు బోలెడు, పిందె మాత్రం గోలీ అంతయ్యి నల్లబడిపోతోంది. మా అత్తగారు దిష్టి అంటున్నారు.

కంచిలి రైతుబిడ్డ:
దిష్టి కాదండీ, నీళ్లు ఎక్కువైనట్టుంది. వానాకాలంలో కుండీకి పూటపూటా నీళ్లెందుకు? వేళ్లకి గాలి కూడా కావాలి, మట్టి ఎప్పుడూ ముద్దగా ఉంటే వేరు కుళ్లిపోతుంది, కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కాబట్టి ఆకు వాడుతుంది, అది చూసి మీరు దాహం అనుకుని మళ్లీ పోస్తున్నారు! కొత్తవాళ్ల మొక్కలు ఎక్కువగా ఇలాగే పోతాయి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చండి, లోపల తడి తగిలితే ఆ రోజుకి వదిలేయండి. కుండీ ఎత్తి అడుగున కన్నం కూడా చూడండి. ఉత్తి ఎర్రమట్టి నింపితే గట్టిపడిపోతుంది, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలపాలి. మా ఉద్దానంలో పొట్టుకి కొదవలేదు, కానీ అందులో ఉప్పుంటుంది, ఒకటి రెండుసార్లు కడిగి వాడండి.

చీపురుపల్లి మేష్టారు:
గుప్పెడా?! డీఏపీలో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం ఉంటాయమ్మా, చిన్న కుండీకి అంత వేస్తే వేళ్లు మాడిపోతాయి. పైన గుళికలు కనబడితే ఏరేయండి. కన్నం బాగుచేశాక, మిగిలిన ఎరువు కొట్టుకుపోయేలా ఒక్కసారి మాత్రం కింద నుంచి ధారగా కారేదాకా నీళ్లు పోసి, తర్వాత ఆరనివ్వండి. ఎరువు బదులు పచ్చి పేడ వేస్తారేమో, అదీ వద్దు, వేడికి వేళ్లు దెబ్బతింటాయి.

పలాస పాదులు:
ఆనప సంగతి వేరు. ముందు వచ్చేవన్నీ మగ పువ్వులే, కాడ సన్నగా ఉంటుంది. ఆడ పువ్వు కింద నూగు నూగుగా బుల్లి ఆనపకాయే కనిపిస్తుంది. పుప్పొడి అందకపోతే ఆ పిందె నల్లబడి రాలుతుంది. ఈ పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, పొద్దున్నే వెళ్లి వెతికితే లాభం లేదు. చీకటిపడే వేళ మగ పువ్వు కోసి రేకులు తీసేసి ఆడ పువ్వు మధ్యలో మెల్లిగా రాయండి. పందిరి మాత్రం గట్టిగా కట్టండి, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా వైపు కొబ్బరి చెట్లనే పడగొట్టింది, మేడ మీద వెదురు కర్రలెంత!

మేడతోట, విజీనగరం:
కన్నం నిజంగానే మూసుకుపోయింది, పుల్లతో పొడిస్తే నల్లటి నీళ్లు, మురుగు కంపు. వంగ మొక్కలు పీకేసి మళ్లీ నారు పెట్టుకోనా?

కంచిలి రైతుబిడ్డ:
అప్పుడే పీకొద్దండీ. కుండీ ఇటుకల మీద ఎత్తిపెట్టి వారం ఆగండి. రాలిన ఆకుల లెక్క వదిలేసి కొసన చిగురు చూడండి, అది పచ్చగా వస్తుంటే వంగ తేరుకున్నట్టే. కొస కూడా వేలాడిపోతే అప్పుడు నారు తెచ్చుకోండి.