అప్‌డేట్: అన్నయ్యకు పరికరం మార్చారు

నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బుకు మా అన్నయ్య ఛాతీలో 2015లో అమెరికాలో ఒక పరికరం అమర్చారు. దాని బ్యాటరీ అయిపోవస్తోంది, మళ్లీ పెద్ద ఆపరేషన్ తప్పదా అని మొన్న అడిగాను. తప్పింది! సమాధానాలిచ్చిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు.

ఇది నాలుకను కదిలించే నరానికి సన్నని విద్యుత్తు పంపి నాలుకను ముందుకు జరుపుతుంది, అప్పుడు గొంతు మూసుకుపోదు. బ్యాటరీని విడిగా మార్చడం కుదరదు. సుమారు 11 ఏళ్లకు ఛాతీలో ఉన్న బ్యాటరీ పెట్టెనే మార్చాలి. నెల్లూరులో ఒక డాక్టరు అంతా తీసేయాలన్నారు, ఆ మాటకు ఇంటిల్లిపాదీ హడలిపోయాం. నిజానికి అన్నయ్యకు పెట్టె నుంచి నాలుక నరానికి వెళ్లే మెడలోని తీగ కదపనే లేదు. కుడి కాలర్ ఎముక కింద పాత గాటునే తెరిచి, కొత్త పెట్టెకు తీగ తగిలించి, నాలుక కదులుతోందో లేదో అక్కడే చూసుకుని కుట్టేశారు. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాడు.

నన్ను బాధపెట్టింది అంతకుముందు గడిచిన రాత్రులు. కావలిలో మా మేడమీద అన్నయ్య పడుకునే ముందు పరికరాన్ని ఆన్ చేసే రిమోట్ ఎన్నిసార్లు నొక్కినా అది పలకలేదు. గురక ఠక్కున ఆగినప్పుడల్లా వదిన లేచి అతని ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చునేది. గాలిని ఒత్తిడితో పంపి గొంతు తెరిచి ఉంచే సీప్యాప్ మాస్క్ అద్దెకు తెచ్చేదాకా ఇదే తంతు. కాబట్టి బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా ఆగకండి, ఏటా పరీక్ష చేయించండి.

నిన్న ఫోనులో వదిన గొంతు తేటగా ఉంది. రాత్రంతా నిద్రపోయిందట.